అయిదో బొంత

ఫిబ్రవరి 2, ఆదివారం. మధ్యాహ్నం 2.10

చరిత్ర కోసం రాసి పెడతాండాను. నిన్న పుంగనూరు పెండ్లిలో మా గుర్రం కలెక్టరమ్మ పెండ్లికొడుకు మేనమామను భుజం మీద కరిచింది. తాత దాని కడుపు కింద జీను పట్టీ బిగిస్తాంటే ఆ మేనమామ పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటాండె. సెల్ఫీ మాత్రం చాలా బాగా వచ్చింది.

ఈ సీజన్లో ఇది మూడో కాటు. మొదటిది తాత మోచెయ్యి. రెండోది బ్యాండువాళ్ళ డోలు. తాత కోలుకున్నాడు, డోలు కోలుకోలేదు.

మా తాత సిద్దప్పకి ఉండేది ఒకటే గుర్రం, ఒకటే వ్యాపారం. పెండ్లికొడుకును ఊరేగించే మెరవణికి కలెక్టరమ్మను తోలుకోని పోతాడు. నేను, ఆయన మనవరాలు తేజను, డిగ్రీ ముగించుకోని ఈ ఇంట్లోనే ఉండి బ్యాంకు పరీక్షకి చదువుతాండాను. (ఇది అధికారిక ప్రకటన. వాస్తవాలు వేరే.)

పొద్దున తాత తీర్పు చెప్పేసినాడు. ఈ నెల 23న కుప్పంలో మెరవణి ఉండాది. ఆడ గానీ ఇది నోరు చేసుకుంటే ఆ రోజే మునికుమార్ చేతికి పగ్గం ఇచ్చేస్తానన్నాడు. మునికుమార్ గుర్రాల బ్రోకరు. ఆయప్ప దగ్గరికి పోయిన ముసలి గుర్రాలు మళ్ళీ ఎవురికీ కనపడవు. ఇటుకల బట్టీలో బండ్లు లాగతాయంటారు కొందరు. కొందరు అది కూడా చెప్పరు.

నేను వాదించినాను. ఏం మే తేజా, మోచెయ్యి నాదా నీదా అన్నాడు. వాదన ముగిసింది.

అవ్వ లోపలికి పోయి సూదీ దారం తెచ్చుకోని అయిదో బొంత మొదలు పెట్టింది. కలెక్టరమ్మ మా ఇంటికొచ్చి నాలుగేండ్లు. ఏటా అవ్వ దానికొక బొంత కుడతాది, జీను కింద మెత్తగా ఉండల్లని. నాలుగూ ఒకదాని మీద ఒకటి వేసి, పైన జీను పెట్టి బిగిస్తాము. పెండ్లికొడుకు సింహాసనం మీద కూచున్నట్టే ఉంటాడు.

3.30కి నాకు అంతర్జాతీయ సమావేశం. గుర్రాలెక్కేవాళ్ళకి ఆన్‌లైన్ ఉపన్యాసాలంట, మూడు ఆదివారాలు, ఫ్రీ. ఆస్ట్రేలియా మేడమ్ చెప్తాది. ఫారంలో మీరు చేసే రైడింగ్ ఏ రకం అని అడిగినారు. రేసు, జంపింగు, ఇంకేవో ఉండాయి. నేను 'ఇతరములు' నొక్కి, మ్యారేజ్ అని కొట్టినాను.

సాయంత్రం 5.00

అయ్యో అయ్యో అయ్యో.

గుర్రం చెడ్డబుద్ధితో కరవదంట! ముందు మొహంతో చెప్తాదంట. చెవులు వెనక్కి వాలుస్తాది. కంటి పైన ముడత పడతాది. ముక్కు బిగిస్తాది. తోక విసురుతాది. పట్టీ బిగించేటప్పుడు మెడ తిప్పి చూస్తాది. ఇన్ని చెప్పినా మనం వినకపోతే అప్పుడు పండ్లు. మేడమ్ ఒక్కో ఫోటో చూపించింది. అన్నీ మా కలెక్టరమ్మ మొహాలే. చెవిలో ఇయర్‌ఫోన్ తోనే కొట్టానికి పరిగెత్తి, ఉత్త జీను ఎత్తి దానికి చూపించినాను. వీపు మీద పెట్టనే లేదు, చూపించినాను అంతే. చెవులు వాలిపోయినాయి.

అది పొగరు కాదు. నొప్పి.

తాతకి చెప్పినాను. ఆస్ట్రేలియాలో ఉండే యమ్మకి మన గుర్రం కడుపులో ఉండేది యాడ తెలుసు అన్నాడు. కడుపు కాదు తాతా, వీపు అన్నాను. రెండూ దూరమే అన్నాడు.

ఫిబ్రవరి 4

ఈ రోజు చదివినవి: బ్యాంకింగ్, సున్నా పేజీలు. గుర్రం మొహం, రెండున్నర గంటలు.

ఫిబ్రవరి 9, ఆదివారం

రెండో ఉపన్యాసం, జీను కొలతలు. రాయాల్సింది చానా ఉండాది.

కలెక్టరమ్మ నల్లది. మెడ వీపుతో కలిసే మూపు దగ్గర, అటొకటి ఇటొకటి, రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చలు ఉండాయి. అవే దాని పేరుప్రతిష్ఠలు. దేవుడు పెట్టిన జోడు బొట్లని జనం నమ్మకం. సోమల నించి, పెద్దతిప్పసముద్రం నించి కూడా బొట్ల గుర్రమే కావల్లని అడుగుతారు. పెండ్లికొడుకు తల్లి వచ్చి ఆ రెండింటినీ తాకి కండ్లకద్దుకుంటాది. కుప్పం వాళ్ళూ బొట్ల కోసమే మమ్మల్ని పిలిచినారు.

మేడమ్ స్క్రీన్ మీద ఒక గుర్రం మూపు చూపించింది. అటొకటి ఇటొకటి, తెల్ల మచ్చలు. జీను ఏండ్ల తరబడి నొక్కితే ఆ చోట వెంట్రుక కుదుళ్ళు దెబ్బతిని తెల్లగా వస్తాయంట. దీన్ని మర్చిపోవద్దు, ఇది గుర్రం రాసిచ్చిన ఫిర్యాదు అనింది.

తాత ఫోన్లో కలెక్టరమ్మ వచ్చిన రోజు ఫోటో వెతికినాను. దండ వేసి, బొట్టు పెట్టి ఉండారు. మూపు నల్లగా ఉండాది. పూర్తిగా నల్లగా.

దేవుడు ఏం పెట్టలేదు. మేము పెట్టినాము.

ఫిబ్రవరి 10

తాతకి ఫోటో చూపించినాను. చానాసేపు చూసినాడు. బొట్లు తర్వాత వచ్చినాయని నాకూ తెలుసు, అందుకే గదా మహిమ అన్నాడు. ఇంగ ఆ మాట ఊర్లో అనొద్దు, అన్నం పోతాదన్నాడు. కోపంగా అనలేదు. భయంగా అన్నాడు. తాత భయపడేది నేను ఎప్పుడూ చూడలేదు, కాబట్టి జోకు వేయలేదు. ఇది కూడా చరిత్రే.

అయితే 23 దాకా దానికి జీను కట్టి పనికి తోలనని మాటిచ్చినాడు. మధ్యలో ముహూర్తాలకి మమ్మల్ని ఎవురూ పిలవలేదులే.

మెత్తని అల్యూమినియం తీగ మూపు మీద వంచి, దాని ఆకారం క్యాలెండరు వెనక గీసినాను. జీను లోపలి చెక్కను ఆ గీత మీద పెట్టి చూస్తే సరిగ్గా కూచునింది! గుర్రం మీద ఒక బొంత వేసి, పైన జీను ఊరికే పెట్టి చూసినాను, సందులో వేళ్ళు దూరినాయి. రెండు, కష్టంగా. నాలుగు వేస్తే నా వేలు ఇరుక్కోని తీయలేక కేక పెట్టినాను. చెక్క తప్పు లేదు. మధ్యలో దూరిన ప్రేమ తప్పు.

ఇది అవ్వకి ఎవురు చెప్పల్ల?

ఫిబ్రవరి 12

అయిదో బొంత సగమయింది. అంచుకు చిలకలు కుడతాండాది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చినాను, అంతే.

ఫిబ్రవరి 16, ఆదివారం

చివరి ఉపన్యాసం, ప్రశ్నలూ జవాబులూ. నేను ఫోన్ ముందర కూచోంగానే అవ్వ వచ్చింది. ఉతికిన కోక కట్టుకోని, తల దువ్వుకోని. దొరసాని మనల్ని చూస్తాది గదా అనింది. వారమంతా నువ్వు గుర్రం వీపు మీద తీగలు వంచుతాండావు, నా బొంతల్లో వేళ్ళు దూర్చి చూస్తాండావు, నాతో మాత్రం మాట్లాడవు, ఏమో ఉండాదని తెలుసు అనింది. మా అవ్వ వెంకటలక్ష్మమ్మ బడికి పోలేదు. సీబీఐకి పోయుండాల్సింది.

నా వంతు వచ్చింది. జీను కింద మెత్తలు వేస్తాము, మంచిదా అని అడిగినాను. ఎన్ని అనింది మేడమ్. నాలుగు అన్నాను. ఆమె బూటు బిగుతయితే నాలుగు జతల సాక్సు వేసుకుంటావా అనింది.

అవ్వ ఏమంటాండాది అని నన్ను పొడిచింది. అవ్వ బతుకులో సాక్సు వేసుకోలేదు. నేను తెలుగులో చెప్పంగానే అవ్వే అనేసింది: బిగుతు గాజులు ఎక్కించుకోని, ఒరుసుకుంటాండాయని లోపల గుడ్డ చుట్టుకున్నట్టా? అంతేనా?

అంతే అవ్వా అన్నాను.

అవ్వ చేతులు ఒళ్ళో పెట్టుకోని కూచునింది. తర్వాత నాతో అనింది. ఆ యమ్మని అడుగు. నాలుగేండ్లుగా దాన్ని నొప్పించింది నేను. అందర్నీ కరిచింది. నన్నెందుకు కరవలేదు?

ఇంగ్లీషులో చెప్పినాను. మీటింగులో తొంభై మంది వింటాండారు. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకునింది. మీరు మేత పెట్టే మనిషి, బొంతలు మీరు కుట్టినవని దానికి తెలియదు కదా అనింది.

తెలుగులో చెప్పినాను.

తెలిసే ఉంటాదిలే, అనింది అవ్వ.

ఫిబ్రవరి 17

తెల్లారి లేచేసరికి అయిదో బొంత కొట్టంలో కింద పరిచి ఉండాది, కలెక్టరమ్మ కాళ్ళ కింద. చిలకల మీద పేడ. అవ్వ మూపు మీద బొట్లకి నూనె రుద్దతాండాది. ఎవురూ కండ్లకద్దుకోలేదు.

నాలుగు బొంతల్లో ఒక పల్చటిది దాచింది. మిగతా మూడూ ఉతికి తీగ మీద వేసింది. తాత వాటిని చూసి, నన్ను చూసి, బీడీ తెచ్చుకునే దానికి పోయినాడు. ఆయన బీడీ మానేసి ఆరేండ్లయింది.

ఫిబ్రవరి 18

బొంతలు తీసేస్తే జీనుకే మెత్త సరిగ్గా ఉండల్ల గదా, దాన్ని బాగుచేయించేదానికి మదనపల్లె పోయినాను. బస్సులో ఒళ్ళో జీను పెట్టుకోని. కండక్టరు గుర్రం వెనక బస్సులో వస్తాందా అని అడిగినాడు. లగేజీ టికెట్టు అడగలేదు, మంచివాడు.

జీను బాగుచేసేవాళ్ళు ఎవురూ లేరు. బైకు సీట్లు కుట్టే శంకరప్ప ఉండాడు. ఆయప్ప జీను విప్పి, లోపల గడ్డలు కట్టిన నార బయటికి లాగి, ఇది సీటా రాళ్ళ మూటా అన్నాడు. నేను మేడమ్ చూపించిన బొమ్మలు చూపించినాను: వెన్నెముక మీద ఏమీ ఆనకూడదు, మధ్యలో కాలవ లాగ ఖాళీ వదలల్ల, రెండు పక్కలా సమంగా ఉన్ని నింపల్ల. బైకుకి ఎవురూ ఇంత చెప్పరే అన్నాడు. బైకు కరవదు గదన్నా అన్నాను. తంబళ్లపల్లె గొర్రెల ఉన్ని ఆయన దగ్గరే ఒక మూట ఉండె. ఇద్దరం కూచోని మధ్యాహ్నందాకా చేత్తో విదిలించినాము. నా జుట్టు నిండా గొర్రె.

ఫిబ్రవరి 20, పొద్దున 7.15

నడిచింది! నడిచింది నడిచింది నడిచింది!

పల్చటి బొంత ఒకటి, పైన కొత్తగా ఉన్ని నింపిన జీను. పట్టీ మూడు దఫాలుగా, మెల్లిగా బిగించినాను. మెడ తిప్పింది. నా జేబు వాసన చూసి మళ్ళీ ముందరికి తిరిగింది. ఎక్కినాను. సోమల దోవలో రెండు మైళ్ళు. ఎప్పుడూ మొక్కుబడికి అడుగులు వేసేది, ఈ రోజు తనంతట తనే పరిగెత్తింది. చెవులు ముందరికి. దిగినాక జీను తీసి చూస్తే చెమట వెన్నెముకకి రెండు పక్కలా సమంగా ఉండాది. మేడమ్ చెప్పినట్టే! జీను నొక్కే చోట చెమట పట్టదంట, అట్లాంటి పొడి మచ్చ ఒక్కటీ లేదు! రోడ్డు మీద ఒంటరిగా చప్పట్లు కొట్టుకున్నాను. వేరుశనగ కాయలు ఒలుస్తాండే ఇద్దరాడోళ్ళు నన్ను చూసి పాపం అనుకున్నారు.

ఫిబ్రవరి 21

కుప్పం పెండ్లికొడుకు దిలీప్‌కి వీడియో కాల్‌లో నా మొదటి ఆన్‌లైన్ ఉపన్యాసం ఇచ్చినాను. విషయం: వరుడు, బరువు, బాధ్యత. మడమలతో పొడవకూడదు. గుర్రం మీద డాన్సు ఆడకూడదు. పక్కన టపాసులు పేల్చకూడదు. శ్రోతలు ఒకరు. నోట్స్ కూడా రాసుకున్నాడు పాపం. మంచి సంబంధం.

ఫిబ్రవరి 24, సోమవారం

నిన్నటిది రాయల్ల. చిన్న లారీలో పోయినాము. అవ్వ కూడా. జీవితంలో తొలిసారి మెరవణికొస్తాండాది.

పెండ్లికొడుకు విడిది ముందర మునికుమార్ నిలబడి ఉండాడు, చేతులు కట్టుకోని. నేనేం పిలవలేదు, ఆయప్పే వచ్చినాడన్నాడు తాత.

తాత జీను ఎత్తినాడు. అప్పుడొచ్చినాడు దిలీప్ చిన్నాయన. చేతిలో ఎర్ర పట్టు పరుపు, జరీ అంచు, జానెడు మందం. ఫోటోలకి బాగుంటాది, జీను కింద వేయండన్నాడు. నేను వద్దన్నాను. ఏం పాపా, నీకంటే మాకు తెలీదా, మెత్తగా ఉంటే గుర్రానికి సుఖమే గదా అన్నాడు. తాత చెయ్యి ఆగింది. పిలిచినోళ్ళని కాదనడం ఆయనకి చేతగాదు. పరుపు తీసుకున్నాడు కూడా.

అవ్వ ముందుకొచ్చింది. పరుపు తాత చేతిలో నించి లాక్కునింది. చిన్నాయన దగ్గరికి పోయి, అప్పా, నీ బెల్టు గట్టిగానే ఉండాదే, దాని కింద ఈ పరుపు దూర్చి మళ్ళీ అదే బొక్కకి బిగించుకో, మా గుర్రం ముందర మండపందాకా నడువు, సుఖంగా ఉంటే చెప్పు, దీనికీ వేస్తాము అనింది. బ్యాండువాళ్ళు నవ్వినారు. ఆడోళ్ళు అంతకన్నా గట్టిగా. దిలీప్ తల్లి బొట్లకి మొక్కేదానికి వస్తే అవ్వ ఆమె చెయ్యి పట్టుకోని, మొక్కొద్దమ్మా, అవి దెబ్బలు, నేను చేసినవి అనేసింది. అందరి ముందర. ఊర్లో అంటే అన్నం పోతాదని తాత భయపడిన మాట.

దిలీప్ తల్లి మొక్కలేదు. కొంగుతో గుర్రం మొహం మీద ఈగలు తోలింది, అంతే.

తాత పట్టీ బిగించినాడు. ఒక దఫా. రెండు. మూడోసారి కలెక్టరమ్మ మెడ తిప్పింది. తాత మోచెయ్యి దాని నోటి ముందరే ఉండాది. తాత దాన్ని వెనక్కి తీసుకోలేదు. కావాలనే అట్ల ఉంచినాడని నాకు ఇప్పుడు అనిపిస్తాండాది.

మోచెయ్యి వాసన చూసింది. వదిలేసింది.

మెరవణి అయింది. దిలీప్ బొమ్మలాగ కూచున్నాడు, నా శిష్యుడు. ముగిసినాక మునికుమార్ తాతను పక్కకి పిలిచి, ఒగ రోజు కరవకుంటే మంచిదయిపోతాదా సిద్దప్పా, బొట్లు కూడా దెబ్బలని మీరే చాటినారు, ఇంగ ఎవురు పిలుస్తారు, ఇప్పుడే ఇచ్చేయ్ అన్నాడు. రెండు దినాల్లో ఫోన్ చెయ్, చెప్తా అన్నాడు తాత.

ఫిబ్రవరి 25

మునికుమార్ ఫోన్ రాలేదు. కలెక్టరమ్మను అడిగేవాళ్ళ ఫోన్ కూడా రాలేదు.

ఫిబ్రవరి 26. మధ్యాహ్నం

కలెక్టరమ్మ పడుకోని ఉండాది. పక్కకి వాలి, కాళ్ళు చాపి, తల నేల మీద పెట్టి. చచ్చిపోయిందేమోనని అరవబోయినాను. తాత నా నోరు మూసినాడు. గురక పెడతాండాది. నాలుగేండ్లలో అది నిలబడకుండా నిద్రపోయేది మా ముగ్గురిలో ఎవురూ చూసింది లేదు.

తాత జేబులో ఫోన్ మోగింది. మునికుమార్. తాత గబగబా దాన్ని నొక్కి ఆపేసినాడు. మళ్ళీ మోగి దాన్ని లేపతాదేమోనని, పీకేసేదానికి బ్యాటరీ యాడుంటాదే ఇందులో అని నన్ను సైగలతో అడిగినాడు.