తుత్తం కలిపే ముందు నలుసు రొయ్యల తరఫున ఒక మాట

జలాశయం ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సోమవారం జలాశయంలో మైలతుత్తం కలుపుట నిలుపుదల చేయుట గురించి, మరియు నా పదకొండేళ్ల తప్పు ఒప్పుకొనుట గురించి.

1. నేను తమ జలాశయంలో నీటి నమూనాలు తీసే పడవ మనిషిని. నాచు పెరిగిందని, దాన్ని తినే జీవులు నా రిజిస్టరు ప్రకారం "నిల్" అని చూసి, తమరు పద్దెనిమిది బస్తాల తుత్తానికి ఉత్తర్వు ఇచ్చారు. ఆ "నిల్" తప్పు. రాసింది నేనే.

2. పదకొండేళ్లుగా నేను మిట్టమధ్యాహ్నం, టీ తాగాక, పైనీళ్లే ముంచుతున్నాను. రూలు పుస్తకంలో వేళ రాసి లేదు. పోయిన నెల పడవ చిల్లు పూడ్పించి, కారుతోందేమో చూద్దామని తెల్లవారుజామున వెళ్లాను. ముఖం కడుక్కోబోతే దోసిట్లో నీళ్లు గెంతాయి. ఆవగింజలో సగం లేవు గానీ రొయ్య జాతివే. నలుసు రొయ్యలని పేరు పెట్టుకున్నాను. ఎండెక్కితే చేపల కంట పడకుండా అడుగుకు దిగిపోతాయి. అంటే అవి ఇంట్లో లేని వేళ చూసి తలుపు తట్టి, ఎవరూ లేరని రాసుకొచ్చాను.

3. అవి నాచు తింటాయన్న రుజువు కోసం రెండు సీసాల్లో నాచు పట్టిన పచ్చనీళ్లు పోసి వంటింటి కిటికీలో పెట్టాను. ఒకదానిలో యాభై రొయ్యలు వేశాను. నాలుగో రోజుకు రెండోది పచ్చగానే ఉంది గానీ, మా ఆవిడ రొయ్యల సీసాలోంచి చూసి ఎదురింటి గోడగడియారంలో టైము చెప్పింది. "ఇన్నేళ్లలో నా ముఖం ఇంతసేపు ఎప్పుడైనా చూశారా?" అని కూడా అడిగింది. ఇప్పుడు ఆమే కిటికీ వదలడం లేదు. నిన్న "ఏవండీ, రండి రండి! దీని వీపులో పిల్లలు! తొమ్మిది!" అని కేకేస్తే ఒంటిమీద సబ్బుతోనే పరుగెత్తాను. నా లెక్కకు పదకొండు. ఈ విషయమై ఇంట్లో భేదాభిప్రాయం కలదు.

4. మూడో సీసాలో రొయ్యలతో పాటు చిటికెడు తుత్తం వేశాను. నాచూ చచ్చింది, రొయ్యలూ చచ్చాయి. కొన్నాళ్లకు నాచు తిరిగొచ్చింది. రొయ్యలు రాలేదు.

కావున పది రోజులు గడువిచ్చి, ఒక తెల్లవారుజామున తమరే పడవెక్కి చూడవలసిందిగా ప్రార్థన. నా "నిల్"కు ఏ శిక్షయినా నాకు వేయండి, రొయ్యలకు వద్దు. బస్తా మూతి విప్పక మునుపే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పడవ మనిషి

తా.క.: నా దగ్గరుండే తుత్తం గది తాళంచెవి ఇవాళ మధ్యాహ్నం నీళ్లలో పడిపోయింది. నేను పడేశానన్నది అబద్ధం. మా ఆవిడ విసిరింది. బాగా దూరం విసిరింది. అక్కడ లోతు నలభై అడుగులు. పగటిపూట రొయ్యలన్నీ అక్కడే ఉంటాయి, తమరు దిగి అడగవచ్చు.