గోలు వెనకనుంచి చూస్తే

పైన్‌బెండ్
అక్టోబరు 14, 1986

గనిలో ఉన్న మా నాన్నకి,

ఈ ఉత్తరం నలిగి ఉంటే ఏమనుకోకు. శుక్రవారం దాకా మేజోళ్ల మధ్య దాచాలి. ఆ రోజు విమానంలో పంపిస్తాను. చదివాక పొయ్యిలో పడెయ్. నీ గదిలో ఉండే ఆల్సిడ్‌కి మాత్రం చూపించకు, అతనికి చెబితే క్యాంపంతా దండోరా వేసినట్టే.

ముందు ఐస్ హాకీ సంగతి చెబుతాను, నువ్వు మొదట వెతికేది అదే కదా. మన లింక్స్ జట్టువాళ్లు అయిదాటలు ఆడారు. మూడు గెలిచారు, రెండు పోయాయి. స్కేటింగు రింకు గుమ్మం పక్కన ఎప్పటిలాగే బోర్డు పెట్టారు. ఊళ్లోవాళ్లు జట్టు బలాలు తెల్ల కాగితాల మీద, లోపాలు పసుపు కాగితాల మీద రాసి గుచ్చారు. తెల్లవి పదకొండు, పసుపువి ముప్పై నాలుగు. ఊరేమీ మారలేదు. ప్రతి వారంలాగే గురువారం సాయంత్రం రింకు క్యాంటీన్లో, స్కేట్లు సానపట్టే హాలొరన్ తాత అన్నీ పైకి చదివాడు.

"ముందువరస కుర్రాళ్లు గాడిదల్లా పరిగెడుతున్నారు," అని ఒకదాని మీద ఉంది.

"గాడిదలు బాగానే పరిగెడతాయయ్యా," అంది బేకరీ సిల్వెస్టరమ్మ. "వీళ్లు గాడిదలైతే ఇంకేం కావాలి."

"మీ అల్లుడూ ముందువరసేగా?" అన్నాడు తాత.

"వాణ్ణి చూసే అంటున్నా."

కోచ్ ఫెర్గస్ మూల కుర్చీలో కాఫీ పట్టుకుని వింటున్నాడు. పద్ధతి నీకు తెలుసు. పసుపు కాగితం కింద రాసినవాళ్ల పేరుంటే, ఎవరి గురించి రాశారో వాళ్లు లేచి నిలబడి జవాబు చెప్పాలి. పేరు లేకపోతే అక్కర్లేదు, చదివి నవ్వుకుని వదిలెయ్యొచ్చు.

నాన్నా, పేరు లేనివాటిలో ఒకటి నాది.

ఎందుకు రాశానో చెబుతాను. సెప్టెంబరులో ప్రాక్టీసప్పుడు మన గోలీ, బ్లెయిజ్ అన్నయ్య, గోలు దగ్గరే మాస్కు పైకెత్తి నీళ్లు తాగుతున్నాడు. ఎవడో కొట్టిన పక్కు, ఆ రాయిలాంటి రబ్బరు బిళ్ల, గోలు కడ్డీకి తగిలి ఎగిరి వాడి ఎడమ చెంప మీద పడింది. వాపు వచ్చింది, తగ్గింది, అందరూ మర్చిపోయారు. కానీ మర్నాటినుంచి వాడి ఎడమ కన్ను చివర్న నల్ల తెరలాంటిది దిగుతోందట. మొదట్లో సన్నగా ఉండేదట, ఇప్పుడు బాగా దిగిందట. నాకొక్కదానికే చెప్పాడు. వెంటనే అమ్మమ్మ సిలువ నా చేతిలో పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. నవంబరు పదిహేనున పెద్ద జట్టువాళ్ల మనిషి వాడి ఆట చూడ్డానికి వస్తున్నాడు. అప్పటిదాకా అమ్మకి గానీ నీకు గానీ కోచ్‌కి గానీ చెప్పకూడదు. నీకు చెప్పేశాను, చూశావుగా. ఒట్టులో ఒక ముక్క ఇప్పటికే విరిగింది.

మన చోటులోనే కూర్చుంటున్నాను, గోలు వెనక అద్దం దగ్గర. అయిదాటల్లో అన్నయ్యని దాటి పంతొమ్మిది గోల్సు పడ్డాయి. ప్రతిదానికీ నోటుపుస్తకంలో గోలు బొమ్మ మీద టిక్కు పెట్టాను. పద్నాలుగు ఎడమవైపే, వాడు పక్కుని పట్టుకునే గ్లవ్వు చేతివైపు. ఊళ్లోవాళ్లు అవన్నీ డిఫెన్సు తప్పని తేల్చేశారు. అన్నయ్య గ్లవ్వు చెయ్యంటే వాళ్లకి అంత నమ్మకం. అందుకని ఆ బొమ్మని పసుపు కాగితం మీద గీసి, కింద "ఈ మూల ఎందుకు పడుతున్నాయో కనుక్కోండి" అని మాత్రం రాశాను. కన్ను మాట రాయలేదు. కోచ్ తనంతట తనే కనిపెడితే నా ఒట్టు నిలుస్తుంది కదా అనుకున్నాను.

నన్ను ఇంగ్లీషు బడిలో వేశావు కదా, అది ఇందుకు పనికొచ్చింది. అంత మంచి ఇంగ్లీషు చూసి అందరూ బ్యాంకు మేనేజరు ప్రెస్కాట్ రాశాడనుకున్నారు. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు, మీసం సవరించుకున్నాడు.

హాలొరన్ తాత బొమ్మ పైకెత్తి చూపించి, "కర్ర పట్టుకునే చేతివైపు మూలట," అన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. ఊరంతా గోలుని ముందునుంచి చూస్తుంది. వెనకనుంచి చూసేది మనిద్దరమే. నా బొమ్మలో ఎడమంటే అన్నయ్య ఎడమ. వాళ్ల కళ్లకి అది వాడి కుడి. కోచ్ తల ఊపి, రేపటినుంచి బ్లెయిజ్‌కి ఆ వైపు ప్రాక్టీసు పెంచుతానన్నాడు. తప్పు వైపు, నాన్నా. నేను చాక్లెట్ పాలు పట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆ కాగితం నాదని తెలిసిపోతుంది.

నాకు చాలా భయంగా ఉంది. ఒట్టు పక్కన పెట్టెయ్యమని నువ్వు ఒక్కమాట రాయి చాలు. నువ్వు చెబితే చేస్తాను.

నీ ఎలుకపిల్ల,
ఒడీల్


పైన్‌బెండ్
అక్టోబరు 28

నాన్నకి,

నీ జవాబు అందింది. ఆరు లైన్లు. "పక్కు దెబ్బలు నేనూ తిన్నాను. మగపిల్లాడు, వాడి సంగతి వాడు చూసుకుంటాడు. నవంబరు దాకా ఓపిక పట్టు. నీ చదువు నువ్వు చూసుకో." తక్కిన రెండు లైన్లు వాతావరణం గురించి.

నా చదువు నేను చూసుకుంటూనే ఉన్నాను. శనివారం ఏం జరిగిందో విను.

కింగ్స్‌మిల్ వాళ్లతో ఆట. వాళ్ల బస్సు డ్రైవరు రింకు గుమ్మం దగ్గర కాఫీ తాగుతూ బోర్డంతా చదివి నా బొమ్మ సంగతి వాళ్ల జట్టుకి చేరవేశాడట. ఆట మొదలైన దగ్గర్నుంచీ వాళ్లు కొట్టిందల్లా ఆ మూలకే. ముప్పై ఎనిమిది కొట్టారు, అందులో ముప్పై ఒకటి అన్నయ్య కుడివైపుకి, వాడికి శుభ్రంగా కనిపించే వైపుకి. ఒక్కటీ లోపలికి పోలేదు. జనం బెంచీలు తన్ని తన్ని విరగ్గొట్టారు.

ఆట అయ్యాక నా కాగితానికి ఎవరో మీసాలు గీశారు.

"ఈ మేధావి ఎవరో గానీ వాడికో కేకు కొనిపెట్టాలి," అంది సిల్వెస్టరమ్మ. "వాడి పుణ్యమాని గెలిచాం."

"నేను రాయలేదండీ బాబూ," అన్నాడు ప్రెస్కాట్, ఎవరూ అడక్కుండానే.

కోచ్ కూడా నవ్వాడు. బ్లెయిజ్‌లో లోపం వెతకడమంటే మంచులో ఉప్పు వెతకడమే అన్నాడు. ఇంక ఆ మూల గురించి ఎవరు మాట్లాడినా నవ్వులాటే. సాయం చేద్దామని నేను రాసిన కాగితమే వాడి చుట్టూ గోడ కట్టేసింది.

నేనూ అన్నయ్యా నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. మిల్లు రోడ్డు దాటే చోట ఎడమవైపునుంచి దుంగల లారీ వస్తోంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. అన్నయ్య ఏదో పాట ఈలవేస్తూ రోడ్డు మీదికి అడుగేశాడు. నేను వాడి బ్యాగు పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం.

"చూశాన్లే, ఎందుకలా లాగుతావు?" అన్నాడు.

"ఏ రంగు లారీ?"

వాడు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఏ రంగురా అన్నయ్యా?"

"ఎలుకా, ఒట్టు వేశావు," అన్నాడు. అంతే. రోడ్డు దాటేముందు మాత్రం మొహమంతా ఎడమకి తిప్పి వెతికాడు, నాన్నా. నేను చూశాను.

లారీ ఎర్రది. అంత పెద్ద ఎర్ర లారీ కనపడనివాడు వాడి సంగతి వాడెలా చూసుకుంటాడో నీ ఆరు లైన్లలో ఎక్కడా లేదు.

నువ్వు ఒప్పుకుంటే చేద్దామనుకున్నాను. ఇప్పుడు నువ్వు ఒప్పుకోకపోయినా చేస్తాను. ఈ ఉత్తరం విమానం ఎక్కేసరికే గురువారం అయిపోతుంది, నన్ను ఆపడానికి నీకు వీలుండదు. కావాలనే అలా చూసుకుని రాస్తున్నాను.

ఒడీల్


పైన్‌బెండ్
నవంబరు 11

ప్రియమైన నాన్నా,

అమ్మ ఫోనులో నీకు కొంత చెప్పే ఉంటుంది. లైను సగం గరగరే కాబట్టి మొత్తం నేను రాస్తున్నాను. నా వైపునుంచి.

అక్టోబరు ముప్పై, గురువారం నాడు నా కొత్త పసుపు కాగితాన్ని అన్నిటికంటే పైన గుచ్చాను. హాలొరన్ తాత కళ్లజోడు సర్దుకుని చదివాడు. "మన గోలీకి ఎడమ పక్క కనబడటం లేదు. కోచ్ జవాబు చెప్పాలి. ఒడీల్ వెయెట్." చదివేసి నా పేరు మళ్లీ చదివాడు.

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

"పాపా, మొన్న ఒకాయన కుడివైపు అన్నాడు," అన్నాడు ప్రెస్కాట్. "ఇప్పుడు నువ్వు ఎడమంటున్నావు. వచ్చేవారం ఎవరు, ఆకాశంవైపు అంటారా?"

"ఆ ఒకాయన నేనే," అన్నాను.

లేచి నిలబడ్డాను. ముందు కుర్చీ వీపు పట్టుకున్నాను. "మీరు బొమ్మని తిరగేసి చూశారు. నేను గోలు వెనక కూర్చుంటాను. ఏడేళ్లనుంచి అక్కడే కూర్చుంటున్నాను, మీలో ఒక్కరూ అటు రాలేదు."

హాలొరన్ తాత బోర్డు దగ్గరికి వెళ్లి మీసాలున్న ఆ పాత కాగితం పీకాడు. దాన్ని వెనక్కి తిప్పి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. పలచటి పసుపు కాగితం కదా, బొమ్మ అవతలివైపునుంచి కనపడింది. టిక్కులన్నీ అటువైపు మూలకి వెళ్లిపోయాయి.

"గ్లవ్వు చెయ్యి," అన్నాడు మెల్లగా. "పద్నాలుగు."

"అవన్నీ డిఫెన్సువి అనుకున్నామే," అంది సిల్వెస్టరమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అన్నయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. మొహం సున్నం కొట్టినట్టుంది. "దాని మాట వినకండి, దానికి అన్నిటికీ భయమే," అన్నాడు. "ఇంటికి నడు, ఎలుకా."

"నడవను," అన్నాను. "భయం నిజమే. అయినా నడవను."

నా కాగితానికి పేరుంది కాబట్టి కోచ్ లేవాలి. లేచాడు. చప్పుడు కాకుండా గోడ వెంబడే నడుచుకుంటూ వెళ్లి అన్నయ్యకి ఎడమ పక్కన నిలబడి తన కాఫీ కప్పు వాడి భుజం దగ్గరికి చాపాడు. క్యాంటీనంతా చూస్తోంది. అన్నయ్య మాత్రం నన్నే చూస్తున్నాడు. కప్పు అలాగే ఉంది. వేడి వేడి కప్పు, గ్లవ్వు చేతివైపు, జానెడు దూరంలో. ఎంతసేపో.

"కాఫీ తీసుకో బాబూ," అన్నాడు కోచ్. అన్నయ్య ఉలిక్కిపడి చెయ్యి విసిరాడు, కాఫీ అంతా ఒలికింది. "ఇదే నా జవాబు," అన్నాడు కోచ్ అందరి వైపు తిరిగి. "నేను చూడలేదు. తప్పు నాది."

ఆ రాత్రి బస్సుకే అమ్మ వాణ్ణి పట్నం తీసుకెళ్లింది. కంటి వెనక పొర ఊడిపోతోందట. నవంబరు మూడు, సోమవారం ఆపరేషను చేశారు. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే మిగిలిన చూపు కూడా పోయేదని డాక్టరు అన్నాడట. పోయినంతలో కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఈ ఏడాది ఆట లేదు. పెద్ద జట్టు మనిషి పదిహేనున వచ్చి ఇంకెవరినో చూసుకుంటాడు.

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. ఫోనులో నా గొంతు వినగానే అమ్మకి ఇచ్చేస్తాడు. రెండు రాత్రులు ఏడ్చాను, అది కూడా రాస్తున్నాను, దాచడం మానేశాను కాబట్టి. కానీ క్షమాపణ అడగను. వాణ్ణీ అడగను, నిన్నూ అడగను. నీ ఆరు లైన్లు పొయ్యిలో పడెయ్యలేదు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నా ఎదురుగా కూర్చుని నువ్వే పైకి చదువు.

ఇంకొక్క సంగతి. మొన్న ఆదివారం అమ్మ బట్టలకోసం వచ్చి, బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా రింకుకి వెళ్లింది. అన్నయ్య పంపిన కాగితం బోర్డుకి గుచ్చింది. పసుపు కాగితం. ఒంటికంటితో రాశాడేమో, అక్షరాలన్నీ కుడివైపుకి దొర్లిపోయాయి.

"లోపం: మా చెల్లెలు ఒట్టు నిలబెట్టుకోదు. బ్లెయిజ్ వెయెట్."

కింద గోలు బొమ్మ గీశాడు. చిన్నది. జాగ్రత్తగా చూశాను, నాన్నా. వెనకనుంచి, మన చోటునుంచి గీశాడు. వల ముందుంది, వలలోంచి గోలీ వీపు కనిపిస్తోంది.

పేరు రాశాడు కాబట్టి పద్ధతి ప్రకారం ఎల్లుండి గురువారం నేను లేచి నిలబడి జవాబు చెప్పాలి. సిల్వెస్టరమ్మ ముందువరసలో కుర్చీ పట్టి ఉంచానంది. చెప్పాల్సింది రెడీగా ఉంది. నిలబెట్టుకోను, మళ్లీ వేయించుకున్నా నిలబెట్టుకోను అంటాను.

ఒడీల్ వెయెట్