దండ వేసిన యంత్రం

చంద్రపూర్,
మంగళవారం

క్రిస్టినా,

ఇది ఆఫీసు మెయిల్లో రాయలేని సంగతి. నువ్వు చర్చిలో తెలుగు చదవడం నేర్చుకున్నావు కదా, అందుకే ఇలా తెలుగులో ఉత్తరం రాస్తున్నాను. నాగపూర్ ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా ఇవ్వకు.

నువ్వు ఇక్కడికొచ్చి చేయబోయే నీటి పరీక్షల కోసం మా కాలేజీ విభాగం ఇస్తామన్న గది ఇంకా ఖాళీ కాలేదు. అందులో బీరువా అంత పాత యంత్రం ఉంది. అది పనిచేయడం మానేసి ఏళ్లయింది. అయినా ప్రతి దసరాకూ దానికి దండ వేసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామంటే అటెండర్ మొగిలి, "మొక్కినదాన్ని కబాడీకి ఎట్ల ఏస్తం మేడమ్? ఏమన్నయితే మీ మీదికే వస్తది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. హెడ్ గారికి మాత్రం రాలేదు. పోనీ పక్క గదిలోకి జరుపుదామంటే, పూజ చేసిన చోటు మార్చకూడదట. "ముందు ఆమెను రానివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ 'తర్వాత' ఎంత దూరమో ఇక్కడ అందరికీ తెలుసు.

నేనే గట్టిగా అడగలేదేమో. క్రైస్తవుల అమ్మాయి కోసం పూజలో ఉన్నదాన్ని తీయించిందంటారని జంకానేమో. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

నా ల్యాబులో సగం బల్ల ఖాళీ చేశాను. అది నీకు చాలదు. రేపు ఆ గదిని నా పేరు మీదే అడుగుతాను, కోపమొస్తే నా మీదే రానీ. తాళం చేతికొస్తే ఫోన్ చేస్తాను. ఫోన్ రాకపోతే అక్కడే ఉండు. చదువు చెప్పిన మేడమ్ పిలిచిందని మొహమాటపడి మాత్రం రాకు.

నీ మేడమ్