జెండా ఊపితే ఆపినా

లేదు ఓబుళేశు మామా, నేను భయపడి ఆపలేదు. రేసు ట్రాకు మీద మా ఐదుగురు కొత్తోళ్లకు కారు తోలేది నేర్పిస్తాండారు కదా, ఆడ మలుపు కాడ ఒకాయన పసుపు జెండా ఊపినాడు. మన కోయిలకుంట్ల రోడ్డులో ఎవురన్నా తువ్వాల ఊపితే నువ్వు జీపు ఆపి ఎక్కించుకుంటావు కదా. నేనూ అట్లే ఆపి, తలుపు తీసి, "ఎక్కన్నా" అన్యా. అందరూ నవ్వినారు. శానా సిగ్గయింది.

నేర్పించే హెన్రీ సారు అరిసినాడు. "ముందర కారు జారింది, నిదానంగా పొమ్మని ఊపినాడప్పా! మధ్యలో ఆపితే ఎనకోడు గుద్దడా?" మళ్లా మెల్లగా అన్యాడు, "మిగతా నలుగురు జెండానే సూడలేదు. నువ్వు సూసినావు."

నీ కాలు ఇరిగినప్పట్నుంచి జీపు ఊరికే నిలబడి ఉండాది. లైసెన్సు వచ్చినాక నేను తోల్తా, నువ్వు పక్కన కూచో. తాళం ఇస్తావా మామా?