పనస ఉయ్యాల కింద పొడి

సిద్ధగోరా,
జంషెడ్‌పూర్

అమ్మా, అందరం కులాసా. ఉయ్యాల చెక్కలకు పురుగు పట్టిందని నాన్న రెండో పనసచెట్టు కొడతానంటున్నాడట, వద్దని చెప్పు. ఆయన ఇంట్లో రంపంతో కోసి పంపిన చెక్కలే బాగుపడ్డాయి.

"పొడి రాలతంటే పిల్లనెలాగేత్తాం?" అని నీ కోడలు మొండికేసింది. అందుకని చెక్కల్ని ఆదిత్యపూర్‌లో మా కార్ఖానాకు మోసుకుపోయి, ఇనుము పోతపోసే ఇసుక అచ్చులు ఆరబెట్టే ఓవెన్‌లో పూటంతా వేడికి ఉంచాను. పురుగంతా చచ్చింది. కన్నాలు మైనంతో పూడ్చి ఉయ్యాల బిగించాను. అయినా తను నమ్మక, పొడి రాలితే కనబడాలని కింద నల్లగుడ్డ పరిచింది.

నిన్న ఆ గుడ్డ మీద తెల్లటి పొడి చూసి, "సెప్పానా, పురుగు సావనేదని!" అని కేకలేసింది. నేను వాసన చూశాను. పాపకు తను పూసిన పౌడరే!

నాన్నను గొడ్డలి అటకెక్కించమను. ఆ చెట్టు తొనలు నమలాల్సిన మనవరాలు ఇప్పుడు ఆయన ఉయ్యాల్లోనే నిద్రపోతోంది.

మీ ఇద్దరికీ మా దండాలు.
పోలరాజు