చివరి వరుసలో మనిషి

హార్లన్ ఫోర్క్, నెబ్రాస్కా
నవంబరు 9, సోమవారం

డ్వేన్‌కి,

నువ్వు కులాసాగానే ఉన్నావనుకుని మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేనూ బాగానే ఉన్నాను, మోకాళ్ళు తప్ప. కవరు మీద నా పేరు చూసి కూడా పారేయకుండా విప్పావు, సంతోషం. మనం మాట్లాడుకుని రెండేళ్ళయింది. నా చేతిరాత గురించి నువ్వేమంటావో నాకు తెలుసు, అననక్కర్లేదు.

మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సంగతి పేపర్లో చూస్తున్నావో లేదో. తొమ్మిది ఆటలయ్యాయి. మూడు గెలిచాం, ఆరు ఓడాం. మొదటి ఆటలోనే ముప్పై ఎనిమిదికి ఆరు పాయింట్లతో చితక్కొట్టించుకున్నాం. మూడోవారం మన క్వార్టర్‌బ్యాక్‌కి బంతి విసిరే చేతి బొటనవేలు విరిగింది. అతని బదులు మొన్నమొన్న స్కూలు దాటినవాణ్ణి దింపారు. వాడికి భయంతో ఒకటే వణుకు. మీ అబ్బాయి కోల్బీ బంతి మీద వంగే ముందు వెనక్కి తిరిగి, "నువ్వు చేతులు చాపి నిలబడు చాలు, బంతి నేనిస్తా. నిన్ను ముట్టుకోవాలంటే ముందు నన్ను దాటాలి కదరా" అన్నాడట. వాడు ఆ ఒక్క మాట పట్టుకుని ఈ ఏడంతా నెట్టుకొచ్చాడు.

అక్టోబరులో నది అవతలి వాళ్ళతో ఆట చూడాల్సింది నువ్వు. ఒకటే వాన. వాళ్ళ లావుపాటివాడొకడు కోల్బీకి ఎదురుగా నిలబడి, "ఏంట్రా, గుమ్మానికి అడ్డం పెట్టిన బీరువాలా ఉన్నావు" అన్నాడు. "అయితే జరుపు చూద్దాం" అన్నాడు మనవాడు. ఆట అయిపోయేదాకా జరపలేకపోయారు. అరవై డెబ్భైసార్లు ఆ తడి బంతిని వెనక్కి అందించాడు, ఒక్కటీ జారలేదు. మన రోజుల్లో అలాంటి వానలోనే నేను నీకిచ్చిన బంతులు రెండు జారాయి. నువ్వు మర్చిపోయి ఉండవు. నేనూ మర్చిపోలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. క్వార్టర్‌బ్యాక్‌గా చేరిన కోల్బీని కోచ్ ముందు నిలబడి బంతి అందించే సెంటర్‌గా మార్చినరోజు, పార్కింగ్ స్థలంలో అందరి ముందూ వాణ్ణి నువ్వన్న మాట నాకింకా వినపడుతోంది. "కాళ్ళ సందులోంచి ఇంకొకడికి బంతి అందించడానికా నిన్ను పెంచింది?" అన్నావు. నేను పక్కనే ఉన్నాను డ్వేన్. నాలుగేళ్ళు నీకు అలా బంతి అందించినవాణ్ణి నేనే. మైదానంలో నీ మొహం నేనెప్పుడూ చూడలేదు, నీ చేతులు మాత్రమే తెలుసు. నువ్వు వాణ్ణి అన్నావు, తగిలింది నాకు కూడా. అందుకే ఫోన్ చెయ్యలేదు. చాలా కోపమొచ్చింది, ఇంకా కొంచెం ఉంది.

రిటైరయ్యాక నేను ఆట రోజుల్లో గేటు పక్క టికెట్ కిటికీ వెనక కూర్చుని ఆటగాళ్ళ ఇంటివాళ్ళకి పాసులిస్తున్నాను. ఎవరెవరికి కావాలో కుర్రాళ్ళు గురువారమే పేర్లు రాసిస్తారు. వచ్చినవాళ్ళు పేరు పక్కన సంతకం చేసి పాసు తీసుకుంటారు. కొందరు అత్తల పేర్లూ మేనమామల పేర్లూ పేజీ నిండా రాస్తారు. కోల్బీ ఒకే ఒక్క పేరు రాస్తాడు, నీది. వాళ్ళమ్మ పోయాక వాడికున్నది నువ్వే కదా. ఇక్కడ నాలుగు ఆటలు జరిగాయి. నాలుగు పాసులూ నా డ్రాయర్లోనే ఉన్నాయి.

ఈ శనివారం ఆఖరి ఆట. చదువు పూర్తవుతున్నవాళ్ళు అమ్మానాన్నలతో కలిసి మైదానం మధ్యకి నడుస్తారు. తండ్రులు కొడుకు నంబరున్న జెర్సీ తొడుక్కుంటారు. నీకు తెలియనిదేముంది, మీ నాన్న నీ జెర్సీలో నడవలేదూ? కోల్బీ నీ కోసం ఒకటి తెచ్చి నా దగ్గర పెట్టాడు. నాన్న లేనివాళ్ళతో కోచ్ నడుస్తాడు. "నాతో నడుస్తావా?" అని ఆయన కోల్బీని అడిగితే, "అక్కర్లేదు సార్, మా నాన్నొస్తాడు" అన్నాడు.

అంత నమ్మకం ఎందుకో చివర్లో చెప్తాను. ఇప్పుడే చెబితే ఉత్తరం చించేస్తావు.

ఇంకో సంగతి. మొదటి ఆట తర్వాత ఇక్కడ ఆడినప్పుడల్లా, మొదటిసారి బంతి మీద వంగే ముందు వాడు తలెత్తి స్టాండ్స్‌లో చివరి వరుస వైపు చూస్తాడు. "ఏంట్రా, అక్కడేమైనా డేగ వాలిందా?" అని కోచ్ అరుస్తూనే ఉంటాడు.

కోతలని సాకు చెప్పకు. మీ వైపు మొక్కజొన్న పోయినవారమే అయిపోయిందని ధాన్యం డిపోలో చెప్పారు. కిటికీ పదకొండింటికి తీస్తాను.

నీకు ముందు నిలబడ్డవాడు,
ఎల్డన్ బ్రాంట్

తా.క. మొదటి ఆట ఓడాక కోల్బీ భుజానికి ఐసు కట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. "మా నాన్న సంతకం చేశాడా పెద్దాయనా?" అన్నాడు. వాడి మొహం చూసి లేదని చెప్పలేకపోయాను. కాగితం వెతుకుతున్నట్టు వెనక్కి తిరిగి, నీ సంతకం నేనే పెట్టి చూపించాను. లెక్కల క్లాసు ఎగ్గొట్టి నువ్వు నాతో హాజరు పెట్టించుకున్నరోజుల్లోనే ఆ సంతకం నాకొచ్చేసింది. ఎక్కడ కూర్చున్నాడని అడిగితే చివరి వరుసలో అన్నాను. అంతదూరం నుంచి టోపీలు తప్ప ఏమీ కనపడవు కదా. "నా దగ్గరికి రావడానికి ఆయనకింకా టైము పడుతుందేమో, పర్లేదు" అన్నాడు. ఆ తర్వాత మూడుసార్లూ అదే పని చేశాను. తప్పే, ఒప్పుకుంటున్నాను.

శనివారం మాత్రం నీ సంతకం పెట్టను. నువ్వు రాకపోతే వాడు మైదానంలోకి నడిచేముందే నిజం చెప్పేస్తాను. ఆ తర్వాత వాడు మనిద్దరిలో ఎవరి మొహమూ చూడకపోవచ్చు.

జెర్సీ కొనేముందు వాడు నన్నడిగాడు. "మీరు ప్రతిసారీ కిటికీ దగ్గర చూస్తున్నారు కదా, నాన్న చిక్కిపోయాడా, లావయ్యాడా?" అని. నాకేం తెలుసు డ్వేన్? నా సైజు చెప్పాను. వచ్చి తొడుక్కో.