బండి తిప్పుకోవడానికి కాస్త మీ గడ్డి

స్వాన్ క్రీక్, అయోవా
మే 5, సోమవారం

వెర్న్ పొలాసెక్ గారికి,

మీ పక్కింటి మారెన్ క్విస్ట్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ డార్లా గారూ క్షేమంగా టోస్టు తింటున్నారని మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

ఎన్నో ఏళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. మేలు చేస్తున్న మనిషిని "ఇక చాలు" అని ఆపడం ఎలా? కాలేజీలో నీతిశాస్త్రం చెప్పేదాన్ని కదా, ఏటా పిల్లలకి ఇదే ప్రశ్న ఇస్తాను. వాళ్ల జవాబులకి మార్కులు కూడా వేస్తాను. నా దగ్గర మాత్రం జవాబు లేదు. మిమ్మల్నెందుకు అడుగుతున్నానంటే, ఊరికే.

అసలు సంగతి వేరే. నేను ఈ ఇంటికొచ్చిన మొదటి వేసవి నుంచీ ప్రతి శనివారం పొద్దున్నే మీరు మీ ఆకుపచ్చ బండెక్కి వచ్చి మా పెరట్లో గడ్డి కోసి వెళ్తున్నారు. నేను అడగలేదు, మీరు చెప్పలేదు. బదులుగా నేను రుబార్బ్ కేకు చేసి పంపుతున్నాను. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రాకూడదని డార్లా గారు దాన్నిండా ఇంకేదో పెట్టి పంపుతున్నారు. ఇలా ఎంతకాలం? మీకు శ్రమ తప్పించాలని నేనే ఒక గడ్డికోత బండి కొనుక్కుందామనుకుంటున్నాను. మీలాగే దర్జాగా కూర్చుని నడిపేది. నా పెరడు మీకు తెలిసిందే, దుప్పటి పరిస్తే నాలుగు మూలలూ ఇరుగుపొరుగు వాళ్లవైపోతాయి. ఇంత చిన్న చోటికి ఎలాంటి బండి మంచిదో కాస్త చెబుతారా?

మీ పొరుగు,
మారెన్

తా.క. లైలాక్ పొద పక్కన తెల్ల క్లోవర్ మొలిచింది. ఏటా మొగ్గ తొడుగుతుంది, ఏటా శనివారం వస్తుంది. మా పెరటి క్లోవర్ విచ్చుకోవడం నేను ఒక్కసారీ చూడలేదు. ఇది కూడా ఊరికే చెప్పాను.

*

మే 8, గురువారం

ప్రొఫెసరమ్మకి,

వెర్న్ రాయునది. మేమూ క్షేమమే. అది టోస్టు కాదు, ఓట్స్ జావ. మీరు కిటికీ తుడిపించుకోవాలి.

మీ ప్రశ్న చదివాను. మేలు చేసేవాణ్ణి ఆపడమెందుకండీ? ఆపాలని రాసిన పిల్లలందరికీ సున్నా వేసేయండి.

బండి మాత్రం వద్దు. నా మాట వినండి. మీరు ఎక్కి, సీటు సర్దుకుని, మీట నొక్కేలోపు మీ పెరడు అయిపోతుంది. మీ పెరటికి కత్తెర చాలు. అదీ చిన్నది. ఇన్నేళ్లూ లేని శ్రమ నాకిప్పుడు కొత్తగా ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు హాయిగా పుస్తకాలు చదువుకోండి. శనివారం శనివారం నేనున్నాను.

విధేయుడు,
వెర్న్ పొలాసెక్

తా.క. మీ ఉత్తరం స్టాంపు లేకుండా నా పోస్టు పెట్టెలో కనిపించింది. ఈ ఊళ్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైనవాణ్ణి. పెట్టెలో స్టాంపు అంటించినవే వెయ్యాలి, అది చట్టం. పక్కిల్లని మినహాయింపు లేదు. అందుకే ఈ జవాబు డెమోయిన్‌లోని పెద్ద పోస్టాఫీసు దాకా వెళ్లి, ముద్ర వేయించుకుని, మళ్లీ మీ ఇంటికొస్తుంది. ఈలోగా మీరు అరుగు మీద కనిపిస్తే చెయ్యి ఊపుతాను. సంగతి మాత్రం చెప్పను.

ఇంకో తా.క. మీ క్లోవర్‌ని గమనించాను. కలుపు మొక్క. దిగులు పడకండి, ఈ శనివారం దాని మీద రెండుసార్లు తిప్పుతాను.

*

మే 12, సోమవారం

వెర్న్ గారికి,

నమస్కారం. స్టాంపు అంటించాను, చూసుకోండి.

కత్తెర అన్నారు. నేనేమీ అనుకోలేదు. (అనుకున్నాను. ఆదివారమంతా అనుకుంటూనే ఉన్నాను.) శనివారం మీరు మాట నిలబెట్టుకుని క్లోవర్ మీద రెండుసార్లు తిప్పడం కూడా కిటికీలోంచి చూశాను. కిటికీ తుడిపించాను.

ఆ మధ్యాహ్నమే హైవే పక్కన బండ్లమ్మే కొట్టుకి వెళ్లాను. లైల్ అని, మంచి మనిషి. పెరడు ఎంత అంటే చేతులు చాచి చూపించాను. అతను నవ్వలేదు, అందుకే మంచి మనిషి అన్నాను. పెద్ద బండి వద్దన్నాడు. గేటులో పట్టదు, తడి నేలలో గాడి పడుతుంది, పొద చుట్టూ తిరగదట. సీటు కింద ఇంజనుండే బుల్లి బండొకటి చూపించాడు. ఎర్రది. దానితో ఒకటే చిక్కు. అదెంత బుల్లిదైనా మలుపు తిరగడానికి చోటు కావాలి. లైలాక్ పొద దగ్గర మొదలుపెట్టి బట్టలారేసే తీగ స్తంభం దాకా వెళ్లాక, వెనక్కి తిరగాలంటే మా పెరట్లో చోటు లేదు. మీ గడ్డిలోకి వచ్చి తిరిగి వెళ్లాలి. ప్రతి చుట్టుకీ.

కాబట్టి అడుగుతున్నాను: బండి తిప్పుకోవడానికి కాస్త మీ గడ్డి ఇస్తారా?

మీ పొరుగు,
మారెన్

తా.క. డార్లా గారి ఒంట్లో బాగానే ఉందా? ప్రతి శనివారం నన్నాపి, "కిటికీలు మూసుకున్నావా తల్లీ? ఛాతీ ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. నా ఛాతీ గురించి ఇంత శ్రద్ధ మా డాక్టరుకి కూడా లేదు.

*

మే 15, గురువారం

ప్రొఫెసరమ్మకి,

వెర్న్ కంగారుగా రాయునది.

మా గడ్డి ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ మా గడ్డికి కొత్త మనుషులు అలవాటు లేదు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాక నాకు అర్థమైంది. నా కోత మీకు నచ్చడం లేదు. అది నేరుగా చెప్పొచ్చుగా! అన్నీ నిలువు గీతలే అని విసుగొచ్చిందా? ఏటవాలుగా కొయ్యనా? బేస్‌బాల్ మైదానంలోలా గళ్లు గళ్లుగా కూడా వచ్చు నాకు. ఇకనుంచి శనివారంతో పాటు బుధవారం కూడా వస్తాను. మీరు బండి ఆలోచన మానెయ్యండి. ఆ లైల్‌కి అమ్మకమే ముఖ్యం. నాకు మీరు ముఖ్యం.

విధేయుడు,
వెర్న్

తా.క. డార్లా బాగానే ఉంది. ఛాతీ గురించి ఈసారి అడిగితే ఒక్కసారి దగ్గండి. చిన్న దగ్గు చాలు. ఎందుకని మాత్రం అడక్కండి.

*

మే 21, బుధవారం

వెర్న్ గారికి,

నమస్కారం. మా పెరడిప్పుడు చదరంగం బల్లలా ఉంది. వీధిలో వెళ్లేవాళ్లు కార్లాపి చూస్తున్నారు. నేను మీ కోతని తప్పుపట్టలేదు. తప్పుపట్టడానికే కష్టమైనంత బాగా కోస్తారు, నా బాధంతా అదే. ఇంతకంటే విడమర్చి రాద్దామని మూడు కాగితాలు చింపాను.

డార్లా గారు అడిగారు. నేను దగ్గలేదు. కారణం తెలియకుండా దగ్గడం నాకు చేతకాదు. అయినా చికెన్ సూపు పంపారు.

లైల్ ఎర్ర బండిని శుక్రవారం మా వాకిట్లో దింపుతానని, రెండ్రోజులు వాడి చూడమని అన్నాడు. లైలాక్ పక్కన ఒక మూల మాత్రం వదిలేసి, మిగతాది కోసి చూస్తాను. గడ్డి గురించి మీరు ఔననలేదు, కాదనలేదు. మన ఊళ్లో దాన్ని ఔననే అంటారని అనుకుంటున్నాను.

మీ పొరుగు,
మారెన్

తా.క. ఇది మీకు చేరేసరికి శనివారమవుతుంది. నేను బండెక్కేది శుక్రవారం. స్టాంపు మీ చట్టం, నాది కాదు.

*

మే 23, శుక్రవారం మధ్యాహ్నం

మారెన్ తల్లికి,

డార్లా ఆశీర్వదించి రాస్తున్నది. దీనికి స్టాంపు లేదు. పెట్టెలో వెయ్యకుండా మీ తలుపుకి టేపుతో అంటించాను. ఆయన చాదస్తం ఆయనకే.

ఇందాక గిన్నె కడుగుతూ కిటికీలోంచి చూద్దును కదా, నువ్వు! ఎర్ర బండి మీద! గడ్డి టోపీ పెట్టుకుని! గిన్నె చేజారి రెండు ముక్కలైంది. నువ్వు మీ పెరడంతా కోసి, మలుపు తిరగడానికని మా పెరట్లోకి వచ్చి, తిరక్కుండా తిన్నగా పోయి, మాదంతా కూడా కోసేశావు! వెర్న్ అరుగు మీద కాఫీ కప్పుతో కొయ్యబారిపోయాడు. "ఆపమని చెప్పొచ్చుగా" అన్నాను. "మేలు చేస్తోంది కదే, ఎలా ఆపమంటాను?" అన్నాడు.

అసలు విషయమడుగుతాను. ఆయన ఆ ఆకుపచ్చ బండిని ఇంటికి తెచ్చిననాడు, "చేతిరుమాలంత పెరటికి ఏనుగెందుకయ్యా, తిరిగిచ్చెయ్" అన్నాను. అప్పుడాయన ఏమన్నాడో తెలుసా? "పక్కింట్లో దిగిన ప్రొఫెసరమ్మకి కోసిన గడ్డి వాసన తగిలితే ఊపిరాడదటే, బండి ముట్టుకోవద్దన్నాడట డాక్టరు, పాపం ఆమెది కూడా నేనే కొయ్యాలి" అన్నాడు. నా మనసు కరిగి సగం గ్యారేజీ ఆ బండికిచ్చాను. అప్పట్నుంచీ ప్రతి చలికాలం నా కారు మంచులో నిలబడుతోంది, నేను దాని నెత్తిన మంచు గీకుతున్నాను. నీకు సూపులు పంపుతున్నాను.

ఇప్పుడు చెప్పు. నీకు జబ్బుందా, లేదా? ఆయన్నడిగితే, "ఆమె చాలా ధైర్యస్థురాలు" అంటున్నాడు.

ఆదివారం మా తమ్ముడు రస్ అమ్మానాన్నల సమాధులకి పూలు పెట్టడానికి ట్రక్కులో వస్తున్నాడు. వాడికి ఐదెకరాల గడ్డి ఉంది. "జబ్బు లేదు" అని ఆదివారం సాయంత్రంలోగా నీ చేతిరాత నాకు అందిందా, ఆ ఆకుపచ్చ బండి వాడి ట్రక్కెక్కుతుంది. అందలేదా, ఉన్నట్టే అనుకుంటాను. రస్ ఖాళీగా పోతాడు, ఆ బండి మాట జన్మలో ఎత్తను. అన్న మాట తప్పే మనిషిని కాదని నీకు తెలుసు.

ప్రేమతో,
డార్లా

తా.క. దగ్గకు. రాసి చెప్పు.

*

మే 24, శనివారం

డార్లా గారికి,

మారెన్ నమస్కరించి రాస్తున్నది. మీ ఉత్తరం గుమ్మంలో నిలబడి ఒకసారి, మెట్ల మీద కూలబడి ఒకసారి చదివాను.

అడిగారు కాబట్టి ముక్కుసూటిగా చెబుతున్నాను. నాకే జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. వెర్న్ గారు అలా చెప్పారని మీరు రాసేదాకా నాకు తెలీదు.

నిన్నటి సంగతి కూడా దాచను. ఆ మూల వదిలేసి కోద్దామనే బండెక్కాను. ఎక్కాక ఏమైందో నాకే సరిగ్గా తెలీదు. ఆ చప్పుడులో ఫోను వినపడదు, నా ఆలోచనలు నాకే వినపడవు. వెళ్లాలి, తిరగాలి, మళ్లీ వెళ్లాలి, అంతే. మీ గడ్డిలోకి వచ్చాక తిరగాలనిపించలేదు. అరుగు మీద వెర్న్ గారి మొహం చూశాను. ఇన్నేళ్లూ శనివారం పొద్దున నా మొహం అలాగే ఉండి ఉంటుంది. అది చూసి కూడా ఆపలేదు! ఇంటికొచ్చి దిగి చూస్తే లైలాక్ పక్కన నేల నున్నగా ఉంది. క్లోవర్‌ని ఈసారి కోసింది నేనే.

అది మళ్లీ మొలుస్తుంది. కాబట్టి ఇన్నేళ్లూ రాయలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను, వెర్న్ గారికి చదివి వినిపించండి: లైలాక్ పక్క మూల కొయ్యొద్దు. మిగతాదంతా మీ ఇష్టం. చూశారా, ఎంత చిన్న మాటో.

ఎర్ర బండిని పొద్దున లైల్ తీసుకెళ్లిపోయాడు. ఇచ్చేముందు ఊరికే ఇంకో చుట్టు తిప్పాను. ఆకుపచ్చది ఒకవేళ మీ గ్యారేజీలోనే ఉండిపోతే, అప్పుడప్పుడూ ఒక శనివారం నన్నెక్కనిస్తారా అని వెర్న్ గారిని అడగండి. చలికాలంలో మీ కారు మీద మంచు నేను గీకుతాను. మీరు అడక్కుండానే వచ్చి గీకుతాను.

మీ పొరుగు,
మారెన్

తా.క. జబ్బు లేదని తెలిసిందని సూపు ఆపకండి.

ఇంకో తా.క. కవరు మీద స్టాంపు ముందే అంటించేశాను. మీ తలుపు ఇక్కడికి నాలుగంగలు. టేపు నా సొరుగులోనే ఉంది. రేపు ఆదివారం, ఎల్లుండి సోమవారం కూడా పోస్టాఫీసుకి పండగ సెలవు. ఇది డెమోయిన్ చూసొచ్చి మీ చేతికందేసరికి బుధవారమవుతుంది. రస్ గారి ట్రక్కు ఖాళీగా వెళ్లిపోయి ఉంటుంది, మీరు మాట తప్పరు. నేను నిజమే రాశాను, ఒక్క ముక్క దాచలేదు. కానీ బుధవారం చేరే నిజాన్ని నిజమే అనొచ్చా? వెర్న్ గారి చట్టాన్ని గౌరవించి ఈ స్టాంపు వేశానా, ఆయన బండి పోకూడదని వేశానా, ఆ సీటు మీద మళ్లీ కూర్చోవాలని వేశానా? ఈ కవరు తీసుకెళ్లే పోస్టతను వీధి మూల దాకా వచ్చేశాడు. నాకింకా తేలలేదు.